గంగామణి పసుపు చేతులు

ఆ గురువారం పొద్దున వసంతమ్మ అనుకున్నవి రెండే పనులు. ఒకటి, వాకిట్లో ఎండిన పసుపు కొమ్ములకు మెరుగు పట్టించడం. రెండోది, కూతురు గంగామణిని బోధన్ బడికి పంపి హాల్ టికెట్టు తెప్పించడం. పసుపును నిజామాబాద్ గంజ్‌కు, అంటే మార్కెట్టుకు, తీసుకుపోయే బండి ఆదివారం వస్తుంది. పిల్ల పదో తరగతి పరీక్ష సోమవారం మొదలవుతుంది. రెండింటికీ తొందరే.

ఎడపల్లి దగ్గర వాళ్లకున్న పొలంలో చెరకు పోను, బావి పక్క మడిలో పసుపు వేస్తారు. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను గోనెసంచిలో పోసి, ఇద్దరు చెరో కొసా పట్టి రుద్దితే పైపొట్టు రాలిపోతుంది. ఆఖరున పసుపు నీళ్లు చిలకరించి మళ్లీ రుద్దితే మెరుపు వస్తుంది. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ చేతులు మోచేతుల దాకా పసుపే. అలవాటైపోయి వాళ్ల కంటికి అది కనిపించదు కూడా.

గంగామణి సంచి కొస పట్టి రుద్దుతూనే పాఠం వల్లె వేస్తోంది. చదివిన పేజీనే మళ్లీ చదువుతుంది, మధ్యలో ఆగి ఏడుస్తుంది, పసుపు చేత్తోనే కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి అందుకుంటుంది.

"ఎందుకే బిడ్డా, అన్ని వస్తయి గద నీకు?" అంది వసంతమ్మ.

"ఇంట్ల వస్తయి అవ్వా. ఆడ గూసుంటే రావు."

అదే వచ్చిన చిక్కు. ఆర్నెల్ల పరీక్షలో గుండె పనిచేసే తీరు రాయమంటే, తన గుండె చప్పుడు తప్ప పిల్లకు మరేమీ గుర్తు రాలేదు. తెల్ల కాగితం ఇచ్చి వచ్చింది. తండ్రి ఆశన్న చెడ్డవాడు కాదు గానీ మాట మాత్రం అనేశాడు: "గీ ఇంతిహాన్ల తప్పితే బడి బంద్. మంచి సంబంధం సూసి పెండ్లి జేస్త."

వసంతమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఒకటో తరగతి నుంచి కూతురు పైకి చదువుతుంటే వింటూనే వంట చేసింది, వింటూనే చాట చెరిగింది. ఆ చప్పుడు ఆగిపోతే ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించుకోవడం ఆమె వల్ల కావడం లేదు.

బస్సుకు పోయేముందు ఆశన్న తల్లి హన్మవ్వ మనవరాలిని పిలిచి, పచ్చటి దారానికి ఒక పసుపు కొమ్ము కట్టి ముంజేతికి ముడివేసింది. "భయం బారిపోతది, పో" అంది.

భయం పోలేదు. పోయి పోయి బడి దాకా వచ్చింది. హాల్ టికెట్టు చేతిలో పడగానే గంగామణి బావురుమంది. ఏమైందమ్మా అని సుమిత్రమ్మ టీచరు ఎంత అడిగినా నోరు పెగలలేదు. టీచరు పిల్లను పైనుంచి కింద దాకా చూసింది. చేతులకు పసుపు, బుగ్గలకు పసుపు, చేతికి కంకణం, కళ్లలో నీళ్లు. నిజామాబాద్ టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి. పసుపు రుద్దించుకునే పెండ్లికూతుళ్లను చూసింది గానీ పసుపు రుద్దే వాకిళ్లను ఎప్పుడూ చూడలేదు. పరీక్షలు ముందు పెట్టుకుని ఈ పిల్లకు పెండ్లి చేస్తున్నారని ఆమెకు రూఢి అయిపోయింది.

బడి జవాను భోజన్నను పిలిచింది. "పెళ్లి ఎప్పుడో, ఎవరితోనో గుట్టుగా కనుక్కురా."

గుట్టుగా కనుక్కోవడమంటే భోజన్నకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కనిపించిన ప్రతి మనిషినీ అడగడం. బస్సు దగ్గర అడిగాడు, చాయ్ హోటల్లో అడిగాడు, చివరికి బజారులో ఎడ్లకు పగ్గాలు కొంటున్న రెంజల్ ఊరి బాపురావును అడిగాడు. బాపురావు వసంతమ్మకు అన్న, అంటే గంగామణికి సొంత మేనమామ. పెండ్లినాడు పిల్లను గంపలో కూర్చోబెట్టి మోసుకురావలసినవాడు.

"మా గంగామణి పెండ్లా? నాకెరుక లేకుంటనా?" అన్నాడు బాపురావు. పగ్గాలు అక్కడే వదిలేశాడు.

శుక్రవారం పొద్దున వసంతమ్మ సంచి విప్పుతుంటే, పక్కింటి సత్తవ్వ నలుగుపిండి గిన్నె పట్టుకుని, వెనక మరికొందరు ఆడవాళ్లతో వచ్చి నిలబడింది. మొహం నిండా అలక.

"గోడకు గోడ గలిసినోళ్లం. నాకు గూడ జెప్పకుంట పిల్ల పెండ్లి జేస్తున్నవా వసంతా?"

"పెండ్లేంది సత్తక్కా? పసుపు రుద్దుతున్నం, కనవడ్తలేదా?"

"రుద్దుతాంటే మేం గూడ రుద్దుతం. చేతికి కంకణం గట్టుకుంటమా? బస్సుల అందరు సూసిన్రు. ఆ టీచరమ్మనే జెప్పిందట!"

చివరి మాట వసంతమ్మ గుండెలో దిగింది. చదువుకున్న మనిషి ఊరికే చెప్తుందా? నిన్న ఆశన్న చెరకు తూకానికని బోధన్ పోయాడు. పోతూ పోతూ కొత్త ధోతి కట్టాడు. చెరకు తూకానికి కొత్త ధోతి ఎందుకు?

ఆమె గోనెసంచి అక్కడే పడేసి కొట్టం దగ్గరకు పోయింది. "నాకొక్క మాట జెప్పకుంట నా బిడ్డను ఎవ్వనికి ఇస్తివయ్యా?"

ఎడ్లకు కుడితి పెడుతున్న ఆశన్న బకెట్టు దించాడు. "నేనిచ్చుడేంది? ఎవలికి?"

"నాకెట్లెరుక? కొత్త ధోతి గట్టి పోయింది నువ్వు!"

"పాతది నువ్వు నానవెట్టినవ్ గద!" అన్నాడు ఆశన్న. అంతలో అతనికీ ఒక అనుమానం పుట్టింది. "ఓహో, గిదంత మీ అన్న పని. నువ్వు, మీ అన్న గూడవలుక్కొని సంబంధం సూసి, ఇప్పుడు నా మీదికి తోస్తున్నవ్."

"మా అన్న పేరెత్తకు!"

పేరు ఎత్తనవసరం లేకపోయింది. మనిషే వచ్చాడు. గంటలు కట్టిన ఎడ్లబండి వాకిట్లో ఆగింది. బండి మీద బియ్యం బస్తా, పెండ్లి గంప, బాపురావు పెండ్లాం, పిల్లలు. వెనక నడుస్తూ డప్పు వేసుకుని భీమన్న. డప్పు కొట్టాలో వద్దో తెలియక ఒక దెబ్బ వేసి ఆపుతున్నాడు.

"బావా!" అని బండి మీద నుంచే గర్జించాడు బాపురావు. "మేనమామ బతికుండంగ గంప ఎవడు మోస్తడనుకున్నవ్? పిలువకున్నా వచ్చిన. నా కోడలు పెండ్లి ఇది. కొట్లాట పెండ్లయినంక వెట్టుకుందం."

ఆశన్న నోరు తెరిచాడు. "అయితే పిల్లగాడు నీకు గూడ ఎరికలేదా?"

"నాకెట్లెరుక? ఇచ్చేటోళ్లు మీరు!"

"మేమెవ్వలకు ఇయ్యలె!"

"ఇయ్యకుంటనే పసుపు రాసిన్రా?"

ఇంత గొడవలోనూ సంతోషంగా ఉన్నది హన్మవ్వ ఒక్కతే. "పిల్లగాడు ఎవడైతేంది, మంచోడే అయి ఉంటడు" అని అరుగు మీద కాళ్లు చాపుకుని పెండ్లిపాట అందుకుంది. పాట మొదలయ్యేసరికి భీమన్నకు ధైర్యం వచ్చి డప్పు కొట్టాడు. డప్పు వినపడేసరికి వీధిలో మిగిలినవాళ్లు కూడా వచ్చారు.

సరిగ్గా అప్పుడే సుమిత్రమ్మ టీచరు రిక్షా దిగింది. వెనక భోజన్న. డప్పు, బండి, గంప, నలుగుపిండి, పాట. ఆమె అనుమానానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

"ఆపండి! ముందు పెళ్లికొడుకుని పిలవండి. అతనితో నేను మాట్లాడతాను."

"మేం గూడ పొద్దటి సంది గదే అడుగుతున్నం టీచరమ్మా" అన్నాడు బాపురావు. "ఒక్కలు జెప్తలేరు."

అప్పుడు వసంతమ్మ వాకిలి మధ్యకు వచ్చింది. పదిమందిలో ఎన్నడూ గొంతెత్తని మనిషి. చెంగు బిగించి మొగుడినీ, అన్ననూ, డప్పునూ కలిపి చూసింది.

"ఎవ్వడన్న గానియ్యి. రాజే గానియ్యి. నా బిడ్డ ఇంతిహాన్ రాసేదాక ఈ వాకిట్ల పందిరి గుంజ పాతనియ్య. ఆఁ!"

డప్పు ఆగింది. ఆశన్న పెండ్లాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"సరే, పిల్ల ఏది?" అంది టీచరు.

అప్పుడు గానీ ఎవరికీ పిల్ల గుర్తు రాలేదు. వెతికితే పసుపు కుప్ప వెనక, గోడకు ఆనుకుని దొరికింది. ఒళ్లో పుస్తకం, చెవుల్లో వేళ్లు, కళ్లు మూసుకుని అదే పేజీ వల్లె వేస్తోంది. బయట ఇంత జాతర జరిగినా ఆమెకు పట్టలేదు.

టీచరు పక్కన కూర్చుని ఆ రెండు చేతులూ పట్టుకుంది. "భయపడకు గంగామణీ. నేనున్నాను. నీకిష్టం లేదని అందరి ముందూ చెప్పెయ్."

"ఇష్టం లేక గాదు టీచర్. భయమైతాంది. ఆడ గూసుంటే అన్ని మర్సిపోత."

"పరీక్ష సంగతి కాదమ్మా. పెళ్లి."

గంగామణి అందర్నీ చూసింది. గంపను చూసింది. "ఎవరి పెండ్లి?" అంది.

టీచరు పిల్ల చేతికున్న దారం పట్టుకుని హన్మవ్వ వైపు చూసింది. "గది భయానికి గట్టిన" అంది హన్మవ్వ, పాట ఆపకుండానే. టీచరు తన చేతులు చూసుకుంది. అవీ పసుపే. రుద్దకుండా పడి ఉన్న కుప్ప వైపు చూసింది, గోనెసంచుల వైపు చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. ముందు నవ్వింది వసంతమ్మ. ఆ తరువాత ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలియలేదు.

నవ్వనిది బాపురావు ఒక్కడే. "పెండ్లికని కట్టిన బియ్యం మళ్ల బండెక్కిచ్చుడు మంచిది గాదు. వండుండ్రి" అని బస్తా దించాడు.

వంట అయ్యేదాకా ఇంతమందిని ఏం చేయాలి? వసంతమ్మకు ఆదివారం వచ్చే గంజ్ బండి గుర్తొచ్చింది. మెల్లగా తలా ఒక సంచి కొస చేతికిచ్చింది. పెండ్లి చూడవచ్చిన చుట్టాలు పసుపు రుద్దడానికి కూర్చున్నారు. డప్పు పక్కన పెట్టి భీమన్న కూడా. గంగామణికి పని లేకుండా పోయింది.

"ఏందే కోడలా, గంతగనం భయం వెట్టే పాఠం?" అన్నాడు బాపురావు. "నాకు జెప్పు, నేను గూడ భయపడ్త."

"గుండె పాఠం మామా." గంగామణి పుస్తకం తెరవబోయింది.

వసంతమ్మ పుస్తకం అందుకుని తన పక్కన పెట్టుకుంది. "అండ్ల సూసి గాదు. మామకు సదువు రాదు, నోటితోని జెప్పు."

పిల్ల తడబడింది. మొదలుపెట్టి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. "నిజాంసాగర్ కాల్వ లేదా మామా, గట్ల. గుండెకెళ్లి మంచి రక్తం కాల్వల వడి ఒళ్లంత వారుతది. వాడుకున్నంక చెడ్డ రక్తం ఇంకో తొవ్వల ఎన్కకు వస్తది."

"అబద్ధం. పొలానికి వారిన నీళ్లు ఎన్కకు ఎప్పుడు వచ్చినయే?"

"నీళ్లు రావు. రక్తం వస్తది."

"ఎందుకు కల్వయి? మంచిది, చెడ్డది గుండెల ఒక్కదగ్గరనే ఉంటయి గద?" అంది వసంతమ్మ.

"నడుమ గోడ ఉంటది అవ్వా. మనింటికి, సత్తవ్వ పెద్దమ్మ ఇంటికి ఉన్నట్టు."

"ఆ గోడ మీదికెళ్లి నాకు అన్ని ఇనవడ్తయి" అంది సత్తవ్వ. "గుండె గోడ గూడ గంతే ఉంటదా?"

"కాదు పెద్దమ్మా! మధ్యల జెప్పకు, ఇను. మళ్ల మొదటికెళ్లి జెప్త!"

గంగామణి లేచి నిలబడింది. సంచి మీద పసుపు నీళ్లతో గుండె బొమ్మ గీసింది. నాలుగు అరలు, తలుపులు, వచ్చే తొవ్వ, పోయే తొవ్వ. బాపురావు కావాలనే తప్పు పట్టాడు, పిల్ల కోపంతో దిద్దింది. ఏడుపు ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు. వసంతమ్మ చూసింది.

సుమిత్రమ్మ టీచరు కూడా పసుపు రుద్దుతూ వింటోంది. "ఆర్నెల్ల పరీక్షలో ఇదేగా రాయలేకపోయావు? సోమవారం నుంచి కాగితం మీద పరీక్ష రాస్తున్నాననుకోకు. మీ మామకు చెప్తున్నాననుకుని రాయి. ఒక పేజీని వంద సార్లు చదివే బదులు, ఒకసారి చదివి పుస్తకం మూసి, ఎవరో ఒకరికి చెప్పు."

"మేమున్నం గద, ఎన్నన్న అడుగుతం" అన్నాడు బాపురావు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆదివారం దాకా రెంజల్ పోలేదు. లెక్కలు తప్ప అన్నీ అడిగాడు. పసుపు బండి మెరుస్తూ గంజ్‌కు పోయింది.

సోమవారం బడి దగ్గర వసంతమ్మ కిటికీకి ఎదురుగా ఎండలో నిలబడింది. లోపల కాగితాలు పంచారు. పిల్ల కలం పట్టింది, వదిలేసింది, కళ్లు మూసుకుంది. వసంతమ్మ కూడా కళ్లు మూసుకుంది. తెరిచేసరికి గంగామణి పెదవులు కదులుతున్నాయి. కనుబొమలు ముడిపడ్డాయి, ఎడమ చేతి వేలు ఎవరినో గదమాయిస్తున్నట్టు లేచింది. మామ మళ్లీ ఏదో తప్పు అన్నట్టున్నాడు. వేలు దిగింది, కలం కదిలింది. ఇక ఆగలేదు. వసంతమ్మ అప్పుడు నీడకు పోయి కూర్చుంది.

ఎండలు తగ్గేవేళకు ఫలితాలు వచ్చాయి. గంగామణి పాసైంది. ఆశన్న కొత్త ధోతి కట్టుకుని ముందు చదువుకు ఏం కావాలో అడగడానికి సుమిత్రమ్మ టీచరు దగ్గరకు పోయాడు. "ఇంకొక్కసారి పెండ్లి పేరెత్తితే నాకే గుండె పాఠం జెప్పాలె" అన్నాడు పోతూ పోతూ. బాపురావు మాత్రం గంప తెచ్చాడు. మేనమామ గంప ఖాళీగా ఎన్నాళ్లు ఉంటుందని కోడలిని అందులో కూర్చోబెట్టి వీధి చివరి దాకా మోశాడు. భీమన్న ఈసారి అనుమానం లేకుండా డప్పు కొట్టాడు.

సత్తవ్వ గడపలో నిలబడి అంతా చూసింది. ఆ పెండ్లికొడుకు ఎవరో తనకొక్కదానికే చెప్పలేదని ఆమెకు ఇప్పటికీ అలకే.