నీలం రంగులో నలభై ఇళ్లు

ఆ ఉదయం నవ్య ప్రణాళిక చిన్నది, నిర్ణయం పెద్దది. సాయంత్రంలోగా నల్లరాయిపల్లెలో ఇంకా ముప్ఫై నాలుగు ఇళ్లు. ఇంటికొక చుక్క, చుక్కకొక ప్రశ్న: ‘మీ ఇంటి మనిషి ఏ ఊళ్లో పనిచేస్తున్నాడు?’

జగిత్యాల పిల్ల నవ్య యూనివర్సిటీలో భూగోళశాస్త్రం ఎం.ఎస్సీ. చదువుతోంది. తోటివాళ్లంతా గది దాటకుండా ఉపగ్రహ చిత్రాల మీద చెరువులు కొలుస్తుంటే, తాను మాత్రం వలసల పటం గీస్తానంది. గైడు చంద్రమౌళి సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, “ఉపగ్రహం అబద్ధం చెప్పదమ్మా, మనుషులే చెప్తరు. అయిదో రోజుకు నలభై ఇండ్లు చూపించు. లేకుంటే అంశం మార్చుకో, ఇంకో ఏడాది చదువుకో” అన్నారు.

కోరుట్లకు ఆరు కిలోమీటర్ల దూరంలోని ఆ పల్లెలో మూడు రోజులు తిరిగితే దొరికినవి ఆరిళ్లు. గల్ఫ్ మాట ఎత్తితే చాలు, తలుపులు దగ్గరపడేవి. “మా ఆయన దుబాయిల ఉన్నడని ఎవలన్నరు? గిప్పుడే కల్లుకు వోయిండు” అనేది ఒకామె. రెండేళ్లుగా అదే కల్లు.

మధ్యాహ్నం ఊరి పెద్దామె మొగిలవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని నవ్య లాప్‌టాప్ తెరిచింది. ఆరిళ్ల అక్షాంశ రేఖాంశాలు ఎక్కించింది. సిగ్నల్ కోసం ఫోను ఎత్తి పట్టుకుని ఆకాశాన్ని వెతుకుతోంది. బీడీలు చుడుతున్న మొగిలవ్వ తెరలోకి తొంగి చూసింది.

“గా చుక్కలేంది బిడ్డా?”

“మన ఊరి ఇండ్లే అవ్వా.”

“మరి సుట్టు గీ నీలమేంది?”

నవ్య తల తిప్పలేదు. “పటంల నీలమంటే నీళ్లే గదా అవ్వా!”

మొగిలవ్వ చేతిలో బీడీ విడిపోయింది. ఆమె కూతుర్ని ఇచ్చింది సిరిసిల్ల వైపు, జలాశయం కింద మునిగిన ఊరికి. ‘మొదలు చుక్కలు వెట్టిండ్రు, తర్వాత నీళ్లు వెట్టిండ్రు’ అని ఆ కూతురు చెప్పిన మాట ఆమె మరవలేదు. పెరట్లోకి వెళ్లి ఫోను చేసింది. కూతురు ఒకటే చెప్పింది: “ఇంటోళ్ల పేర్లన్నీ రాయించుండ్రి. పరదేశం వోయినోళ్లయి గూడ. పేరు లేకుంటే కొత్త ఇల్లు లేదు!”

మాట ఇల్లిల్లూ పాకి, పావుగంటలో అరుగు ముందు ఊరి ఆడవాళ్లు వరుస కట్టారు. చేతుల్లో పాస్‌పోర్టు జిరాక్సులు, ఫోటోలు, వీసా కాగితాలు.

“మా ఆయన బహ్రెయిన్ల ఉన్నడు. వీసా అయిపోయి రెండేండ్లు, ఖల్లివల్లి అయ్యిండు. పోలీసులకు దొర్కకుండ దాక్కుంట తిరుగుతుండు. రాసుకో చెల్లె!”

“పొద్దున కల్లుకు వోయిండంటివి గదనే!” అంది వెనకామె.

“కల్లు బహ్రెయిన్ల దొర్కుతదా? నువ్ జర ఆగు.”

మూడు రోజుల మౌనం ఒక్కసారి కరగడం తన పట్టుదల ఫలితమనుకుంది నవ్య. వంచిన తల ఎత్తకుండా రాసింది. ఎల్లేశం భార్య సరిత, “మస్కట్, నాలుగేండ్లు” అని గబగబా చెప్పి, పక్కకు పోయి మొగుడికి ఫోను చేసి ఏడ్చింది. “ఇల్లు మునుగుతదట, జల్దిరా!”

పొద్దు వాలేసరికి ముప్ఫై తొమ్మిదిళ్లయ్యాయి. ఒక్కటే మిగిలింది. అప్పుడే టైలర్ ఇక్బాల్ కుట్టుమిషన్‌ను ట్రాక్టర్ ఎక్కిస్తూ కనిపించాడు.

“ఇల్లు మారుతున్నవా ఇక్బాల్ భాయ్?”

“నీళ్లచ్చినంక మారుమంటవా మేడమ్? ఊరు ముంపుల వోతదని నువ్వే చూపిచ్చినవంట గదా!”

నవ్య తెర చూసింది. అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం. పద్దెనిమిది ఉండవలసిన చోట డెబ్బై ఎనిమిది. నల్లరాయిపల్లె మొత్తం ఉత్తర ధ్రువం దగ్గర, మంచు సముద్రంలో తేలుతోంది.

ఇంకొక్క ఇల్లు. నోరు మూసుకుంటే నలభై. నోరు విప్పితే బహుశా సున్నా. నలుగురిలో మాట్లాడాలంటే వణికే నవ్య ట్రాక్టర్ ఎక్కి నిలబడింది.

“ఊరు మునుగది! తప్పు నాది. అంకెలు తారుమారు జేసిన. మీరు భయపడి చెప్పిండ్రు. వద్దన్నోళ్ల పేరు ఇప్పుడే కొట్టేస్త.”

అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. జుట్టు నిండా నూలు పీచుతో ఎల్లేశం దూకాడు.

“ఇల్లు మునిగిందా? సరిత ఏది?”

ఊరంతా నోరు తెరిచింది. ఇక్బాల్ తేరుకుని, “మస్కట్ కెల్లి మూడు గంటలల్లనే దిగినవారా? గిదేం ఇమానం?” అన్నాడు.

ఎల్లేశం చూపు నేల మీద వాలింది. “మస్కట్ ఎక్కడిది భాయ్! ఏజెంటు నన్ను బొంబాయిలనే ముంచిండు. మొఖం జూపియ్యలేక సిరిసిల్లల బట్టలు నేసే సాంచాలు నడుపుతున్న.”

సరిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వింది మొగిలవ్వ. “పోనీరా, నాలుగేండ్లకు మునిగినోడు తేలిండు!” తర్వాత నవ్య వైపు తిరిగింది. “ఎవ్వలయి కొట్టెయ్యకు బిడ్డా. నాది గూడ రాయి, సిగ్గువడి ఇంతసేపు చెప్పలే. నా కొడుకు నేను అందరికి చెప్పినట్టు కువైట్ల ఆఫీసుల లేడు. ఒంటెలు కాస్తుండు.”

అది నలభయ్యో ఇల్లు.

“చెల్లె, నన్ను సిరిసిల్లకు మార్చు” అన్నాడు ఎల్లేశం. నవ్య అక్షాంశ, రేఖాంశాల వరుసలు రెంటినీ సరిచేసింది. మంచు సముద్రం నుంచి నలభై ఇళ్లు ఒక్క గెంతులో కోరుట్ల పక్కకు చేరాయి. ఇక్బాల్ కుట్టుమిషన్ దించడానికి మాత్రం నలుగురు కావలసి వచ్చారు.

మర్నాడు చంద్రమౌళి సార్ పటాన్ని చాలాసేపు చూశారు. “ఖల్లివల్లి వాళ్లు కూడా ఉన్నరే! ఊరంతా నీకు నిజం ఎట్ల చెప్పిందమ్మా?”

“ఊరిని ఒక పూట ముంచిన, సార్.”