ఎదుటి అభ్యర్థి

ఈమెయిలు ఖాతా రక్షణ అంటే ఖాతాను దాని సొంతదారు నుంచి రక్షించడం. ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. దొంగకు ఎలాగూ దారి తెలుసు. దారి తెలియని సొంతదారును గుమ్మం బయట నిలబెట్టడానికే తాళాలు, సంకేతాలు, ప్రశ్నలు అన్నీ పుట్టాయి. కళ్ళజోళ్ళ దుకాణమాయన ఈ సంగతి మీద ఎవరితోనూ వాదించడు. వాదించి ఓడినవాడు.

ఆయన ఖాతాను భార్యే దగ్గరుండి తెరిపించింది. పాస్‌వర్డుగా ఆవిడ పేరు పెట్టాడు. బలహీనం అంది యంత్రం. ఆవిడ పుట్టిన సంవత్సరం చేర్చాడు. ఫరవాలేదు అంది. చివర ఒక ఆశ్చర్యార్థకం పెట్టమంది. కాపురం మొత్తంలో భార్య పేరు పక్కన ఆశ్చర్యార్థకం పెట్టిన అలవాటు ఆయనకు లేదు. అయినా పెట్టాడు. చాలా బలం అంది యంత్రం.

ఆవిడ పోయాక రక్షణ విభాగం నుంచి తాఖీదు వచ్చింది. పాత పాస్‌వర్డు చెల్లదు. పాతదాన్ని పోలినదేదీ చెల్లదు. దగ్గరివాళ్ళ పేర్లు అసలే చెల్లవు. చివరికి యంత్రమే ఒకటి అల్లి ఇచ్చింది. అందులో ఒక అక్షరానికి పక్క అక్షరంతో మాటల్లేవు. (గుర్తుండేది బలహీనమట, గుర్తుండనిది బలమట. ఆ లెక్కన ఆయనది అజేయం. సాయంత్రానికల్లా మరిచిపోయాడు.)

పోతే పోయింది, లాటరీ తగిలిందనే కబుర్లూ బట్టతల నూనెలూ తప్ప అందులో ఏముంటాయి అనుకోవచ్చు. (ఆ నూనెలవాళ్ళను లోపలికి వచ్చేటప్పుడు ఎవరూ ఏ ప్రశ్నా అడగరు.) కానీ ఆ నూనెల మధ్య భార్య రాసిన ఆఖరి మెయిలు ఉంది. ఆసుపత్రి మంచం మీద నుంచి రాసింది. అద్దం అరగదీసేటప్పుడు ఆయన ఫోను ఎత్తడు, అందుకని. పైన ‘ఒక మాట’ అని ఉంది. ఆ పూట కుర్చీలో బేరం కూర్చుని ఉంది. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఆ తర్వాత చూడటానికి చెయ్యి రాలేదు. చెయ్యి వచ్చేసరికి తాళం పడింది.

ఇంతలో ఆయన అన్నగారి భార్య ఫోను చేసింది.

“ఏమయ్యా మరిదీ, నీ మెయిలు చదివి ఏడుపొచ్చిందయ్యా! నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగావు.”

“నేను అడగలేదు వదినా.”

“నేనూ అదే అనుకున్నా. నువ్వెందుకు అడుగుతావు? అయినా ఎంత బాగా రాశావో.”

“నేను రాయలేదంటుంటే! ఎవడో దూరాడు అందులో. సొమ్మేమన్నా అడిగాడా?”

“ఏమీ అడగలేదు. వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నా. కాస్త నయంగానే ఉంది.”

దొంగ అంతటితో ఊరుకోలేదు. మేనల్లుడి పెళ్ళిరోజు గుర్తుపెట్టుకుని దీవించాడు. తోడల్లుడితో నడుస్తున్న పాత తగువులో తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. (తప్పు తోడల్లుడిది. ఇది ఇక్కడ నమోదు చేయడమైనది.) బంధువులంతా పెద్దాయన ఈమధ్య ఎంత మారిపోయాడో అని చెప్పుకున్నారు. దుకాణంలో ఆయనకు ఎదురుపడినవాళ్ళు మాత్రం, మెయిల్లో ఉన్నంత బాగా మనిషి లేడని గొణుక్కుంటూ వెళ్ళారు.

ఆయన ఖాతాదారుల సహాయ కేంద్రానికి వెళ్ళాడు. రెండో అంతస్తు. లిఫ్టు మీద ‘భద్రతా కారణాల వల్ల పనిచేయదు’ అని ఉంది. అద్దానికి అవతల నిజత్వ నిర్ధారణాధికారిణి కూర్చుని ఉంది. చిన్న వయసు, గొప్ప ఓపిక.

“మీకు సంకేతం పంపాం సార్. చెప్పండి.”

“ఎక్కడికి పంపారు?”

“మీ మెయిలుకు.”

“అది తెరుచుకోవడం లేదనే కదమ్మా వచ్చింది!”

“తెరుచుకోగానే చెప్పండి సార్. పది నిమిషాలే పనిచేస్తుంది.”

పది నిమిషాలు ఇద్దరూ గౌరవంగా ఎదురుచూశారు. తర్వాత మనుష్యత్వ పరీక్ష. బతుకంతా ఎదుటివాళ్ళ చేత అక్షరాలు చదివించినవాడు, తెర మీద తాగి తూలుతున్న అక్షరాలను చదవలేకపోయాడు. ట్రాఫిక్ దీపాలున్న గళ్ళు గుర్తుపట్టమన్నారు. దీపం కింది స్తంభం కూడా దీపమేనా అని అడిగాడు. అలాంటి సందేహం మనుషులకు రాదని యంత్రం తేల్చింది. ‘మనిషి కావచ్చు’ అని తాత్కాలిక ధ్రువీకరణ ఇచ్చారు.

“నా ఖాతాలో దొంగ ఉన్నాడమ్మా.”

“ఏం నష్టం జరిగింది సార్?”

“అందరి బాగోగులూ అడుగుతున్నాడు.”

ఆమె నేరాల పట్టీ కిందికీ పైకీ జరిపి చూసింది. “కాజేయడం ఉంది, బెదిరించడం ఉంది. బాగోగులు అడగడం లేదు సార్. ‘ఇతరములు’లో వేస్తాను. అన్నట్టు మీ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది.”

“నా మీదా?”

“ఎవరో తప్పు పాస్‌వర్డులతో మాటిమాటికీ తలుపు బాదుతున్నారని, ఖాతా తమదేనంటున్న ఎదుటి అభ్యర్థి రాశారు. చాలా మర్యాదగా రాశారు. పాపం ఆ మనిషి ఎవరో గానీ వేళకు తింటున్నాడో లేదో కనుక్కోమన్నారు.”

ఒక ఖాతాకు ఇద్దరు అభ్యర్థులున్నప్పుడు బంధువు సాక్ష్యం తప్పనిసరి. వదినను పిలిపించారు. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఈయనేనా అమ్మా మీ మరిది?”

“ముఖం చూస్తే తెలియడం లేదూ?”

“ముఖం చెల్లదమ్మా. మీకు మెయిళ్ళు రాసేది ఈయనేనా?”

వదిన ఆయన వైపు చూసింది. “అబద్ధమాడలేను మరిదీ. అలా రాసే మనిషివి నువ్వు కాదు.”

“నేను కాదనే కదా మొత్తుకుంటున్నది!”

“ఇద్దరి మాటా ఒక్కటే అయింది,” అని అధికారిణి రాసుకుంది.

వదినను బయట కూర్చోబెట్టారు. మిగిలింది ఆఖరి ప్రశ్న. ఖాతాలో ఉన్నదాన్ని చూసి యంత్రమే తయారుచేస్తుంది, ఇద్దరికీ ఒకటే. ఆమె తెరను ఆయన వైపు తిప్పింది.

‘మీ భార్య ఆఖరి మెయిలులో మిమ్మల్ని ఏమడిగారు?’

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ప్రశ్న మారలేదు.

“ఆవిడ రెండు కళ్ళ నంబర్లూ చెప్పగలనమ్మా.”

“అవి అడగలేదు సార్.”

“మందులు తెమ్మంది.”

“కాదు సార్.”

“దుకాణం తొందరగా మూసి రమ్మంది.”

అధికారిణి తెర చూసింది, ఆయన్ను చూసింది. “దగ్గరికి వచ్చారు సార్. కానీ దగ్గరికి వస్తే చెల్లదు.”

“ఎదుటివాడు చెప్పాడా?”

“అక్షరం పొల్లుపోకుండా. ఆ మెయిలుకు జవాబు కూడా ఇచ్చారు.”

“నా భార్యకా? ఆవిడ పోయి ఏడాది దాటింది.”

“వారికి ఆ సంగతి తెలిసినట్టు లేదు సార్. సరేనని రాశారు.”

వెనక వరుసలో ఎవరో దగ్గారు.

“ఏమడిగిందమ్మా?”

“అది ఖాతాదారుకే చెప్పాలి సార్,” అంది ఆమె. “గోప్యత విషయంలో మేము రాజీపడం.” ఖాతాను ఎదుటి అభ్యర్థి పేర ఖాయం చేసింది.

మెట్లు దిగుతుంటే వదిన రెయిలింగు పట్టుకుని వెనకే వచ్చింది. “ఏమయింది మరిదీ? ఏదో అడిగారటగా? చెప్పకపోతే నాకు ఎలా తెలుస్తుంది?”

“తెలుసుకోవాలనుంటే మెయిలుకు రాసుకోండి వదినా. వాడు జవాబిస్తాడు. నేను బతికున్నంతకాలం ఈ ఊసు మళ్ళీ నా దగ్గర ఎత్తకండి.”

ఆవిడ ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి మెయిలుకే రాసింది.