తెరవకుండానే ‘బాగుంది’ అనే మహానుభావులం

విడుదలకు ముందు సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం శుద్ధ దండగ! ఊరికే అనడం లేదు. ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఓ స్వచ్ఛంద బృందంలో నాలుగేళ్లుగా పరీక్షకుడిగా వెలిగిపోతున్న అనుభవంతో అంటున్నాను.

మాది పుస్తకాలు, ఉత్తరాలు, అర్జీలు రాసుకునే ప్రోగ్రాం. కొత్త వెర్షన్‌ని లోకం మీదికి వదిలే ముందు మాకు పంపుతారు. వెంట పద్దెనిమిది పనుల జాబితా ఒకటి. ప్రింటు వస్తోందా? బొమ్మలు కదలకుండా ఉన్నాయా? ఒక్కోటీ చేసి చూసి, ఎదురుగా టిక్కు పెట్టి, పేరు రాయాలి.

మావాళ్ల చురుకు చూడాలి! పది నిమిషాల్లో జాబితా నిండిపోతుంది. ప్రోగ్రాం డౌన్‌లోడ్ కావడానికే అరగంట పడుతుంది! జీతాలిచ్చే కంపెనీల్లో ఉందా ఈ వేగం? ఒక లెక్కల మాస్టారైతే బస్సులో నిలబడి, ఫోన్లోనే పద్దెనిమిది టిక్కులూ పెట్టేశారు. మా ప్రోగ్రాం ఫోన్లో పనిచెయ్యదు. ఆయనకి మాత్రం భేషుగ్గా పనిచేసిందట.

విడుదలలు చూసుకునే ఆవిడ వృత్తికి పళ్ల డాక్టరు. “ఎంత మొండి పేషెంటైనా నేనడిగితే నోరు తెరుస్తాడండీ. మీరు ఒక్కసారి ఆ ప్రోగ్రాం తెరవలేరా?” అని మెయిలు పెట్టింది. మేమంతా చప్పట్ల బొమ్మలు పంపాం. మనిషికి ఒక్క పనే అప్పగిస్తే శ్రద్ధగా చూస్తారని కూడా ఆవిడ సలహా. ఒక్కటే ఇస్తే నిజంగా చెయ్యాల్సొస్తుంది కదండీ!

అయినా తప్పులన్నీ మేమే ముందుగా పట్టేస్తే జనానికి ఏం మిగులుతుంది? మా అక్కనే తీసుకోండి.

అక్క అనువాదకురాలు. మూడేళ్లు నడుం పడిపోయేలా కూర్చుని ఓ లావుపాటి చరిత్ర పుస్తకం పూర్తిచేసింది. సోమవారం ప్రెస్సుకివ్వాలి. శుక్రవారం పొద్దున మా కొత్త వెర్షన్ వేసుకుని, ఫైలు తెరిచి, సేవ్ చేసింది. నాలుగొందల పన్నెండు ఫుట్‌నోట్లు మాయం!

అక్క ఏడవలేదు. నాకు అందుకే భయం వేసింది. మా బృందం వెబ్‌సైట్‌కి వెళ్లి, జాబితా వెతికి తీసి, ల్యాప్‌టాప్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

“ఒరేయ్, ‘ఫుట్‌నోట్లు భద్రంగా ఉన్నాయి’ అని ఇక్కడ టిక్కుంది. పక్కన నీ పేరుందేంట్రా?”

“అదీ... నేను చూసినప్పుడు బాగానే...”

“ఎప్పుడు చూశావ్?”

సిగ్గుతో చచ్చిపోయాను.

అదృష్టం బాగుండి పాత ప్రింటు ఒకటి దొరికింది. రెండ్రోజులు అక్క చదువుతుంటే నేను టైపు చేశాను. మూడొందలు దాటాక నా ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టింది. క్షమించేసిందని పొంగిపోయాను. “తప్పుల్లేకుండా కొట్టు” అంది.

నిన్న మధ్యాహ్నం మళ్లీ పరీక్షకి కొత్త వెర్షన్ వచ్చింది. టిక్కు దాకా వెళ్లిన వేలు ఎందుకో ఆగింది. అరగంట ఓపిక పట్టి, డౌన్‌లోడ్ చేసి, తెరవబోయాను. తెరుచుకోలేదు! ఉన్నదున్నట్టు రాసి పంపాను.

ఐదు నిమిషాల్లో డాక్టరమ్మ జవాబు వచ్చింది.

“బాగాలేదని చెప్పారా! ఎంత మంచివారండీ! మా బృందంలో కొత్తగా చేరారా?”