గుట్ట మీద గీసిన ఊరు

మా ఊళ్ళో అందరికంటే పెద్ద ఇల్లు నాది. నాలుగు దర్వాజలు, వీధి పొడవునా అరుగు. ఎవరింట పెళ్ళయినా విడిది అక్కడే. గోదావరిఖని పక్కన ఏ ఊరని మాత్రం అడగకండి. ఇప్పుడు ఫోన్‌లో మ్యాపు తెరిస్తే ఆ చోట నల్లటి గొయ్యి కనిపిస్తుంది. ఓపెన్‌కాస్టు గని కోసం ఊరిని లేపేసి, బొగ్గు పైనున్న మట్టినంతా తవ్వి పక్కనే గుట్టగా పోశారు. అంటే ఊరు ఎక్కడికీ పోలేదు, తలకిందులై కూర్చుందంతే.

ఆ గుట్ట మీద డోజర్ నడిపేవాడు మా కిషన్. డంపర్లు మట్టి పోస్తాయి, ఇతను చదును చేస్తాడు. ఏళ్ళ తరబడి అదే పని. ఒకరోజు ఫస్టు షిఫ్టు మొదలయ్యే ముందు రఘురామ్ సారు అందరినీ వరసగా నిలబెట్టాడు. రాజమండ్రి వైపు కుర్ర ఇంజనీరు, హైదరాబాద్‌లో ఏదో శిక్షణ ముగించుకుని వేడివేడిగా వచ్చాడు.

"రోజూ చేసే పనే అండీ, కానీ కాస్త బుర్ర పెట్టండి. ఈ వారం ఒక్కొక్కరూ ఒక్క కొత్త పనైనా చేసి చూపించాలి. బాగా చేసినవాళ్ళకి స్టీలు టిఫిన్ క్యారియర్!"

"డోజర్‌తోని కొత్తగ ఏం చేస్త సారూ? ముంగటికి, ఎన్కకు తప్ప అది ఎటూ పోదాయె," అన్నాడు కిషన్.

"అదేనయ్యా క్రియేటివిటీ అంటే. నీ మనసులో ఏదుందో దాన్ని పనిలోకి తీసుకురా."

కిషన్ మనసులో ఉన్నది తల్లి సారవ్వ పోరు. పునరావాస కాలనీకి వచ్చినప్పటినుంచీ ఆమెది ఒకటే మాట: "ఈడ పొద్దు ఎటు పొడుస్తదో సుత సమజైతలేదు. ఒక్కపారి మన ఇల్లు సూపియ్యి బిడ్డా." లేని ఇంటిని ఎట్లా చూపిస్తాడు?

శనివారం దారి దొరికింది. గుట్ట పైభాగం చదును చేసి, డోజర్ బ్లేడు కొసతో ఊరి వీధులన్నీ గీశాడు. గోడలున్నచోట జానెడెత్తు మట్టి కట్టలు, దర్వాజలున్నచోట ఖాళీ. ఆదివారం పొద్దున్నే సారవ్వను తీసుకొచ్చి చూపించి, ఎవరి కంటా పడకముందే చెరిపేయాలని అతని ప్లాను. ముచ్చటపడి ఫోటో ఒకటి నాకు పంపాడు. నేను ఊరుకుంటానా? ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

ఆదివారం పొద్దున ఆటోలు బారులు తీరాయి. గేటు దగ్గర కాపలా ఎల్లన్నదీ మా ఊరే. "ఎవ్వల్ని పోనియ్య!" అని చేతులు చాచాడు. ఆ వెంటనే, "నా ఇల్లు సుత గీసిండా?" అంటూ తనే ముందు నడిచాడు.

పైకెక్కాక ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. ఒకావిడ పొయ్యి ఉండాల్సిన మూలన కూర్చుని మట్టిని చేత్తో నిమిరింది. అంతటితో ఆగితే అది మా ఊరెట్లా అవుతుంది?

"గోడ నా దిక్కు జరిగింది!" అన్నాడు సదయ్య.

"అప్పుడూ గిదే లొల్లి, ఇప్పుడూ గిదేనా?" అన్నాడు పక్కింటి రఘుపతి.

ఊరు పోయాక భుజాల మీద చేతులేసుకుని తిరిగిన మనుషులు వీళ్ళిద్దరూ. కిషన్ డోజరెక్కి గోడను మూరెడు జరిపాడు. దాంతో రఘుపతి దొడ్డి ఇరుకైంది. దొడ్డి జరిపితే వీధి వంకరపోయింది. వంకర వీధిలో బోనాలెట్లా పోతాయని ఆడవాళ్ళు కలబడ్డారు. నేను నా అరుగు మీద నిలబడి తీర్పు చెప్పాను. ఎవరికీ నచ్చలేదు.

అంతలో రఘురామ్ సారు చెమటలు కక్కుతూ వచ్చాడు. పెద్ద ఆఫీసరు తనిఖీకి బయల్దేరాడట. "దిగండి! మట్టి జారుతుంది, ప్రమాదం!" అని అరుస్తూ, డోజర్ దిగి తమ ఇంట్లో తల్లి పక్కన నిలబడ్డ కిషన్ మీదికి నేరుగా నడిచాడు.

"ఆగు!" సారవ్వ గదిమింది. "గోడ మీదికెల్లి వస్తున్నవేంది? దర్వాజ కనవడ్తలేదా?"

రఘురామ్ కాళ్ళ కింద చూసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, చుట్టూ తిరిగి, ఖాళీ దగ్గరికి వచ్చాడు.

"చెప్పులు?"

వంగి బూట్లు విప్పాడు.

"కూసో బిడ్డా. చాయ్ తాగుతవా?"

"పంచదార తక్కువండి," అన్నాడు, తనకు తెలియకుండానే.

పెద్ద ఆఫీసరు జీపు దిగేసరికి ఇంజనీరు సాక్సులతో కటిక నేల మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నారక్కడ?"

"క్రియేటివిటీ, సార్."

"ఇప్పుడే చదునైపోవాలి. లేదంటే ఆ డోజర్ వాడు సస్పెండు!"

కిషన్ డోజర్ ఎక్కి ఇంజన్ ఆన్ చేశాడు. బ్లేడు మాత్రం దించలేదు. సారవ్వ దర్వాజలోంచే బయటికి వచ్చింది. వెనక్కి తిరిగి, లేని తలుపును దగ్గరికి లాగి, లేని గొళ్ళెం పెట్టింది.

"నడుపు బిడ్డా. అప్పుడు కూలగొట్టినోళ్ళ మొఖం సుత ఎర్కలేదు. ఇప్పుడు మనోడే గద." రెండడుగులు వేసి ఆగింది. "ముందుగాల ఆ సదయ్య గోడ తియ్యి. పీడ పోతది."

టిఫిన్ క్యారియర్ మాత్రం, హెల్మెట్ మీద పూలు గీసినవాడికి దక్కింది. పొద్దు ఎటు పొడుస్తుందని సారవ్వ మళ్ళీ అడగలేదు. రోజూ లేవగానే గుట్ట దిక్కు తిరిగి కూర్చుంటుంది.

ఇదంతా జరిగిందే. నేను కల్పించింది ఒక్కటే, నా ఇల్లు. నాలుగు దర్వాజలూ లేవు, అరుగూ లేదు. మాది సదయ్య కొట్టం చివర ఒక్క అర్ర, అంటే ఒంటి గది. కిషన్ దాన్ని గీయడం మరిచాడు. అందరూ దిగాక, డోజర్ అటు వచ్చేలోపు ఆ జాగా వెతుక్కుని కాసేపు నిలబడ్డాను.

చెప్పులు బయటే విడిచాను లెండి.