లారీ మాట్లాడుకుని ఇల్లు మారండి!

పాఠకులారా, ఒంటికి ఆరోగ్యం, బుర్రకు జ్ఞానం కావాలంటే వెంటనే ఒక లారీ మాట్లాడుకుని ఇల్లు మారండి! కూలీలను పెట్టకండి. మీ సామాను మీరే ఎక్కించుకోండి. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి. రుజువు లేనిదే ఏ మాటా చెప్పను.

పోయిన నెలలో బందరు నుంచి గుడివాడకు ఇలాగే మారాను. ముదినేపల్లి చెరువుల నుంచి బందరుకు చేపలు తోలిన లారీ ఖాళీగా వెనక్కి వెళ్తుంటే దొరికింది. "తోలడం వరకే నాదండి. ఎత్తడం, దించడం మీ ఇష్టం" అన్నాడు డ్రైవరు అంకమ్మరావు. ఎంత స్వాతంత్ర్యం! ఆ రోజు నుంచి నా పుస్తకాలన్నీ బొచ్చెచేప వాసన కొడుతున్నాయి. అరువడిగేవాళ్లు తగ్గారు. గ్రంథాలయాల వాళ్లు ఈ పద్ధతి ఎందుకు ఆలోచించరో!

ఇక ఆత్మజ్ఞానం. మీ ఇంట్లో పచ్చడి జాడీలు ఎన్నున్నాయో మీకు తెలుసా? నాకూ ఆ రోజు దాకా తెలియదు. పద్నాలుగు! మూతలు మాత్రం పదకొండే. మిగతా మూడూ ఎక్కడున్నాయో తెలిసిన మనిషిని ఇప్పుడు అడిగే వీలు లేదు.

అన్నిటికంటే గొప్పది, మనుషుల ప్రేమ. పదకొండేళ్లలో కారే కుళాయిని ఒక్కసారీ చూడ్డానికి రాని మా ఓనరు శివరామయ్యగారు ఆ రోజు ఏడింటికల్లా వచ్చేశారు. పంచె ఎగ్గట్టి బీరువా ఒక చివర తానే పట్టుకున్నారు! "నిదానం మాస్టారూ, గోడ గీసుకుపోద్ది!" అని అడుగడుగునా హెచ్చరించారు. సొంత తమ్ముడైనా ఇంత ఆత్రంగా సామాను మోస్తాడా?

ఇంత ప్రేమకు కారణం ఉంది. మా ఆవిడ అన్నపూర్ణ ఆ ఇంట్లోనే పోయింది. రేవతి నక్షత్రం ఉండగా పోయింది. అలా పోతే ఇంటికి తాళం వేసి, మూడు నెలలు మనుషులెవరూ ఉండకుండా పాడుపెట్టాలట. పెద్దకర్మ అయిన మర్నాడు శివరామయ్యగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"మీరేం అనుకోవద్దు మాస్టారూ. పంచాంగం రెండు చోట్ల చూపించాను. ఇంకొక్క గంటన్నర ఆగుంటే అశ్వని వచ్చేసేదంట. ఏ ఇబ్బందీ ఉండకపోను."

ఆయన్ని తప్పుపట్టలేను. అన్నపూర్ణ ఎప్పుడూ దేనికీ తొందరపడే మనిషి కాదు. హారన్ కొడుతున్న బస్సును కూడా నిలబెట్టి, తాళం మరోసారి లాగి చూసి వచ్చేది. ఈ ఒక్కసారే తొందరపడింది.

బందరులోనే మరో ఇల్లు చూసుకుందామనుకున్నాను. నక్షత్రం కబురు నాకంటే ముందే వీధులన్నీ తిరిగి వచ్చింది. అందుకని గుడివాడ! ఇప్పుడు రోజూ బందరు బడికి బస్సులో వెళ్తున్నాను. పిల్లల పేపర్లు దిద్దుకోవడానికి అంతకంటే ప్రశాంతమైన చోటు ఉందా?

గుడివాడ ఓనరు పుష్పావతిగారు ముందే చెప్పారు, పదిన్నర లోపు పాలు పొంగించాలని. కొత్తింట్లోకి ముందు వెళ్లాల్సినవి దేవుడి పటం, పాలగిన్నె, స్టవ్వు. ముందు వెళ్లాల్సినవి ముందే ఎక్కించాలి కదా! లెక్కల మాస్టారి తర్కం. మూడింటినీ క్యాబిన్ వైపు ఆనించి భద్రంగా పెట్టి, వాటి ముందు సంసారమంతా పేర్చాను.

పామర్రులో అంకమ్మరావు టీ తాగినా, పదింటికల్లా గుడివాడ చేరాం. వెనక తలుపు దించి చూశాను. పాలగిన్నెకూ నాకూ మధ్య బీరువా, రెండు మంచాలు, పద్నాలుగు జాడీలు!

"మాస్టారూ, ముందెక్కించింది ఆఖర్న దిగుద్దండి. మా చేపలక్కూడా తెలుసు" అన్నాడు అంకమ్మరావు. అని, జాలిపడి తనూ ఒక చెయ్యి వేశాడు. సంసారమంతా రోడ్డు మీదికి దిగింది. అన్నపూర్ణ చీరల పెట్టెతో సహా.

ఇదివరకు మేం మూడుసార్లు ఇల్లు మారాం. ఒక్కసారీ ఈ చిక్కు రాలేదు. ఎందుకు రాలేదా అని ఆ రోడ్డు మీద నిలబడి ఆలోచించాను. మూడుసార్లూ ఆ గిన్నె లారీ ఎక్కలేదు. ఆవిడ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

గిన్నె బయటపడేసరికి పన్నెండు. "అమ్మగారు వెనక బస్సులో వస్తున్నారా అండీ?" అన్నారు పుష్పావతిగారు.

"లేదండీ. నేనే పొంగిస్తాను."

ఆవిడ నా వైపు చూశారు, గిన్నె వైపు చూశారు. గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నారు.

"మీరు చెప్పిన టైముకు గంటన్నర దాటిపోయిందండీ" అన్నాను.

"పోనిద్దురూ, గంటన్నరకి ఏమవుద్ది! లోపలికి రండి మాస్టారూ."

చూశారా! గుడివాడలో గంటన్నరకు ఏమీ కాదు. బందరులో అయితే దానికి ఒక లారీ పడుతుంది.