అద్దెకు తెచ్చిన పచ్చిక

ఆ గురువారం లలితగారు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పదకొండింటికి విజయవాడ పై ఆఫీసు నుంచి సింధూర మేడమ్ వస్తారు, ఆఫీసు మేడ మీది తోట చూస్తారు, ఒంటిగంటకు భోజనం చేస్తారు, సంతకం పెట్టి వెళ్తారు. ఇందులో చెడిపోవడానికి ఏముంది? బందరు ఆఫీసుల్లో పాతికేళ్లు పనిచేసిన మనిషి అలా అనుకోకూడదు. అయినా అనుకున్నారు.

ముందు ఆ తోట సంగతి చెప్పాలి. లలితగారు మూడో అంతస్తు సూపరింటెండెంటు. నెత్తిమీద స్లాబు, స్లాబు మీద సూర్యుడు. కిందటేడు రోహిణి కార్తెలో ఇద్దరు గుమాస్తాలు ఫైళ్ల మీదే సొమ్మసిల్లారు. లలితగారు ఊరుకునే రకం కాదు. పై ఆఫీసుకు పద్నాలుగు ఉత్తరాలు రాశారు. చివరికి మేడ మీద నీళ్లు దిగకుండా పట్టా పరిపించి, బెత్తెడు మందాన మట్టి పోయించి, ఎండ దేశాల్లో బతికే మందపాటి ఆకుల మొక్కలు నర్సరీ నుంచి తెప్పించి నాటించారు. నాటిన వారం రోజులకు కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి, నెల తర్వాత నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చి, నేరుగా మేడెక్కారు. మొక్కలు దుబ్బులు కట్టి పచ్చగా ఉన్నాయి. ఆవిడ సంబరానికి ఆ రోజు ఆఫీసంతా బందరు లడ్డూలు తింది.

ఇలాంటి తోటలే గుడివాడలో ఒకటి, అవనిగడ్డలో ఒకటి వేశారు. గుడివాడది నీళ్లు లేక చచ్చింది. అవనిగడ్డది నీళ్లు పోసినా చచ్చింది. మిగిలింది బందరుది. దీని కింద హాల్లో ఐదు డిగ్రీల వేడి తగ్గింది. మధ్యాహ్నం మూడింటికి కూడా గుమాస్తాలు మెలకువగా ఉంటున్నారు. కానీ మేడమ్ కంటికి ఇది కూడా ఆనకపోతే, శనివారం మట్టంతా ఎత్తి పారబోసి, మూడు తోటల ఫైలూ మూసేస్తారు. మళ్లీ మే నెల, మళ్లీ స్లాబు, మళ్లీ సొమ్మసిల్లడం.

కింది అంతస్తు సూపరింటెండెంటు శామ్యూల్ రాజ్ మాత్రం రోజూ మెట్ల దగ్గర ఎదురుపడి ఒకటే అడిగేవాడు. "గడ్డి పెంచారు సరే లలితగారూ, గేదెను ఎప్పుడు ఎక్కిస్తున్నారు?"

భోజనం ఏర్పాటు ముందురోజు సాయంత్రమే అయిపోయింది. ఆఫీసు ఊడ్చే ప్రేమమ్మది దివిసీమ, నాగాయలంక వైపు. నెల రోజులుగా ఆమె క్యారేజీలో ఒక ఆకుకూర పప్పు తెస్తోంది. దాని రుచి మరిగిన మూడో అంతస్తు, పన్నెండు నుంచే గోడ గడియారం వైపు చూడడం మొదలుపెట్టింది. ఏం కూర అని అడిగితే "మా దివి వైపు కూరేనండి" అని నవ్వేది.

"రేపు పదిహేను మందికి వండుకురా ప్రేమమ్మా. మేడమ్ కూడా తింటారు. ఆకు సరిపోతుందా?" అన్నారు లలితగారు.

"మొత్తం కోస్తే సరిపోద్దండి. కొయ్యమంటారా?"

"అడగాలా? నా మాటగా మొత్తం కోసెయ్."

గురువారం పదింటికి లలితగారు ఒకసారి చూసొద్దామని మేడెక్కారు. ఎక్కి, కళ్లద్దాలు తీశారు. తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తోట లేదు. మట్టి ఉంది, మట్టిలో రెండంగుళాల ఎర్రటి మోళ్లు ఉన్నాయి. తిరుపతి వెళ్లొచ్చిన తలలా ఉంది మేడ.

ఆవిడ కేక విని శామ్యూల్ రాజ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. రాకపోతేనే బాగుండేది.

"గేదెను తోలారా?" అని అడిగారు లలితగారు.

"నేనా?"

"రోజూ గేదె గేదె అన్నది ఎవరండీ?"

"అయ్యో, హాస్యానికన్నానండీ! గేదె మూడంతస్తులెక్కుతుందా? ఎక్కినా ఇంత వరసగా మేస్తుందా? ఇది కొడవలి పని. మా అమ్మ మీద ఒట్టు, నాకేం తెలీదు."

రాత్రి కాపలా తోమాసును అడుగుదామంటే అతను డ్యూటీ దిగి ఇంటికెళ్లి నిద్రపోతున్నాడు, ఫోను కూడా నిద్రపోతోంది. అతని భార్య ప్రేమమ్మను అడగాలని ఎవరికీ తోచలేదు. వంట చేస్తున్న మనిషిని ఎందుకు కంగారు పెట్టడం?

లలితగారు మెట్ల మీద కూలబడ్డారు. పద్నాలుగు ఉత్తరాలు కళ్ల ముందు తిరిగాయి. ఆవిణ్ణి అలా చూసేసరికి శామ్యూల్ రాజ్ మనసు నీరైపోయింది. ఏడిపించిన మనిషే ఆదుకోవాలనుకున్నాడు. అనర్థాలన్నీ మంచి మనసుతోనే మొదలవుతాయి.

"మా బావమరిదికి షామియానాల షాపుంది. పెళ్లి స్టేజీల మీద పరిచే పచ్చగడ్డి పట్టాలుంటాయి. పరిచేద్దాం. మేడమ్ గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోతారు. ఈ ఎండలో లోపలిదాకా ఎవరొస్తారండీ?"

లలితగారు వద్దనాలి. నోరు తెరిచారు కూడా. కానీ కింద హాల్లో చల్లగా కూర్చున్న గుమాస్తాలు గుర్తొచ్చి, తెరిచిన నోరు మూసుకున్నారు. పదకొండు కాకముందే ప్లాస్టిక్ పచ్చిక మేడంతా పరుచుకుంది. దూరం నుంచి చూస్తే నిజం తోట కన్నా పచ్చగా ఉంది.

మేడమ్ పదకొండింటికి రాలేదు. కారు గూడూరు దగ్గర వడ్ల లారీల వెనక ఇరుక్కుని పన్నెండుంపావుకు వచ్చింది. అప్పటికి ప్లాస్టిక్ గడ్డి ఎండనంతా తాగి సిద్ధంగా ఉంది.

సింధూరకు ముప్పై రెండేళ్లు. మాట పొదుపు, అడుగు చురుకు. గుమ్మంలో నిలబడి ఆ పచ్చదనం చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"ఎంత బాగా పెంచారండీ! తోటలో చెప్పులతో నడవకూడదు," అంటూ, ఎవరైనా ఆపేలోగా చెప్పులు విడిచి అడుగు పెట్టింది.

తర్వాత జరిగింది చూసినవాళ్లు ఎవరూ బయట చెప్పలేదు. మేడమ్ నాలుగు గెంతుల్లో మేడ అవతలి నీడకు చేరిందని మాత్రం తెలుసు. అక్కడ పట్టా మూల 'పెండ్లిండ్లకు అద్దెకు ఇవ్వబడును' అన్న ముద్ర ఉందనీ, ఆమె దాన్ని రెండుసార్లు చదివిందనీ తెలుసు. తర్వాత సంచిలోంచి వేడి కొలిచే పరికరం తీసి పట్టా మీదకు గురిపెట్టింది.

"అరవై నాలుగు. వట్టి సిమెంటు యాభై ఎనిమిది. తోట వేస్తే వేడి పెరిగిందన్నమాట." గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేదని లలితగారికి అనిపించింది. "రిపోర్టు భోజనం తర్వాత రాస్తాను. శనివారం మనుషులొస్తారు."

ప్రేమమ్మ ఒంటిగంటకు ఆటోలో రెండు పెద్ద గిన్నెలతో దిగింది. అందరూ భోజనాలకు కూర్చున్నారు. పప్పు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్న సింధూర ఆగింది. రెండో ముద్దకు తొందరపడింది. మూడోసారి వడ్డించమంది.

"ఏం ఆకమ్మా ఇది? ఉప్పు భలే కుదిరింది."

"ఉప్పు వెయ్యలేదమ్మా. దానికే ఉంటది. ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండాలి."

"ఎక్కడ దొరుకుతుంది?"

"ఎక్కడో ఎందుకమ్మా, మన మేడ మీదేగా."

లలితగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ప్రేమమ్మా, ఏమంటున్నావు?"

"మీరేగండీ నా మాటగా మొత్తం కోసెయ్ అన్నారు. తెల్లారగట్ల మా ఆయన తలుపు తీశాడు, కోసుకుపోయాను."

"అవి నర్సరీ మొక్కలు! మనుషులు తినేవి కాదు!"

"అవెక్కడున్నాయండీ? మీరు కంటికి వెళ్లిన వారానికే చచ్చిపోయాయి. మన బోరు నీళ్లు ఉప్పు. అవి తాగి బతకాలంటే అలవాటుండాలి. ఇది ఇలకూర. మంగినపూడి దారిలో ఉప్పు పర్రల్లో దానంతటదే మొలుస్తది. ఆదివారం చర్చి అయ్యాక నేనూ మా ఆయనా గోతాల్లో తెచ్చి నాటాం."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబుదామనే అనుకున్నానండీ. మీరు కళ్లద్దాలు పెట్టుకుని మేడెక్కి, చిన్నపిల్లలా అంత సంబరపడ్డారు. ఇంక నోరు రాలేదు. అయినా ఆ హాలు ఊడ్చేది నేనే కదండీ, చల్లగుంటే నాకూ చల్లగే."

శామ్యూల్ రాజ్ తన విస్తరి వైపు చూసుకుని నెమ్మదిగా అన్నాడు. "అంటే నెల రోజులుగా ఆ గేదెలం మనమేనన్నమాట."

మొదట నవ్వింది సింధూర. చెయ్యి కడుక్కుని అందర్నీ మేడ మీదకు నడిపించింది, ఈసారి చెప్పులతో. పట్టా చుట్టి పక్కన పెట్టించి, మోళ్ల మధ్య తడి మట్టికి పరికరం గురిపెట్టింది. ముప్పై ఆరు. వంగి ఒక మోడును గోటితో గీకి చూసింది. లోపల పచ్చగా ఉంది.

"మళ్లీ వస్తుందా?"

"కోస్తేనే దుబ్బు కడతదమ్మా. పదిహేను రోజులు ఆగండి," అంది ప్రేమమ్మ.

"లలితగారూ, గొప్ప పని చేశారు," అంది సింధూర.

ఊరుకుంటే సరిపోయేది. ఆఫీసుల్లో ఊరుకునే ఇంత దూరం వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. లలితగారు ఊరుకోలేదు. "నేను పోయించింది మట్టే మేడమ్. ఆ ప్లాస్టిక్ పరవనిచ్చిందీ నేనే, సిగ్గుగా ఉంది. తోటను బతికించింది ప్రేమమ్మ, తోమాసు. రిపోర్టులో వాళ్ల పేర్లు రాయండి." అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఏడవొద్దని డాక్టరు చెప్పిన మాట ఆ క్షణాన గుర్తులేదు. ప్రేమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వేరే వైపు తిరిగింది. శామ్యూల్ రాజ్ అవసరం లేకపోయినా చుట్టిన పట్టాను మళ్లీ చుట్టసాగాడు.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. బందరు తోట ఉంటుంది. గుడివాడ, అవనిగడ్డ మేడల మీద కూడా ఇలకూరే వెయ్యాలి, నాటించే బాధ్యత ప్రేమమ్మ, తోమాసులది, అందుకు ఇద్దరికీ అదనపు భత్యం. లలితగారు దాన్ని మూడో అంతస్తులో నిలబడి అందరికీ పైకి చదివి వినిపించారు, పేర్లున్న చోట రెండుసార్లు.

చివర చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: తోటను పై అధికారి నెలకొకసారి స్వయంగా తనిఖీ చేయవలెను, సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకు.