జవాబు ఉచితం

ఇంటర్నెట్టు గాలి వంటిదనీ, గాలికి వెల కట్టడం మహాపాపమనీ, అందుచేత దాన్ని ప్రజలందరికీ ఉచితంగా ఇస్తున్నామనీ, అయితే ఎవరు ఏ గాలి పీల్చాలో మాత్రం దాన్ని సరఫరా చేసే కంపెనీవారు నిర్ణయిస్తారనీ మంత్రిగారు ప్రకటించారు. సభ చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు మంత్రిగారి బామ్మర్ది.

అతను మంత్రిగారి పీఏ కూడా. ఆఫీసులో అటెండరు దగ్గర్నుంచి కార్యదర్శి దాకా అందరికీ అతను బామ్మర్దిగారే. ఈ ఉద్యోగానికి ముందు తండ్రి టైర్ల కొట్లో పంక్చర్లు వేసేవాడు. తండ్రి ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ చేసి, "మీ బావ ఇంకా మంత్రేనా? లారీ టైరొకటి వచ్చింది, నాకా నడుం వంగడం లేదు" అని కనుక్కుంటూ ఉంటాడు. బావ కుర్చీ ఉన్నంత వరకే తన కుర్చీ. అందుకని బామ్మర్ది ఆ కుర్చీని చంటిపిల్లలా చూసుకునేవాడు.

ముందు వరసలో కూర్చున్న విలేకరి అమ్మాయి లేచింది.

"ఉచితం అంటే అన్నీ చూడొచ్చా సార్?"

"మంచివన్నీ చూడొచ్చమ్మా. మిగతావాటికి బంగారు ప్యాక్ ఉంది. డబ్బు కట్టి చూసుకోవచ్చు."

"మంచివి ఏవో ఎవరు చెబుతారు?"

కంపెనీ మేనేజరు మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు. మంత్రిగారి ముఖం వెలిగిపోయింది.

"కంపెనీకి డబ్బు కట్టిన సైట్లన్నీ మంచివి. చెడ్డవాడెవడైనా డబ్బు కట్టి మరీ తన చెడు చూపించుకుంటాడా? నువ్వే చెప్పు."

ఆ అమ్మాయి ఆ మాట రాసుకుని కూర్చుంది. ఇంత సూటిగా ఆలోచించే మంత్రి దొరకడం మన అదృష్టం.

అంతటితో ఆగితే ఆయన అందరిలాంటి మంత్రే అయ్యేవారు. ఆగలేదు. "పేదవాడు చూసిందే నేనూ చూస్తాను. ఈ క్షణం నుంచి నాది ఉచిత ప్యాకే. బంగారు ప్యాక్ చేత్తో ముట్టను, కంటితో చూడను" అని శపథం చేశారు. మేనేజరు వేదిక మీదే ఆయన ఫోన్ తీసుకుని మార్చేశాడు. బామ్మర్ది మాత్రం ఆ మధ్యాహ్నమే చాటుగా బంగారు ప్యాక్ కొనుక్కున్నాడు. బావ కళ్ళు మూసుకున్నప్పుడు ఎవరో ఒకరు తెరిచి ఉంచాలి కదా.

శపథం ఫలితాలు ముందుగా మంత్రిగారింట్లోనే కనిపించాయి. వాళ్ళావిడకు మోకాలు వాచింది. ఉచిత ప్యాక్‌లో వైద్యం సైటు తెరిస్తే, మోకాలు ఎందుకు వాస్తుందో, నొప్పి ఎలా పెరుగుతుందో, చివరికి మనిషి మెట్లెక్కలేక ఎలా కూలబడుతుందో బొమ్మలతో సహా ఉంది. ఏం చేయాలన్నది బంగారు ప్యాక్‌లో ఉంది.

"నొప్పి ఊరికే ఇచ్చి, మందుకు డబ్బడుగుతారా?" అందావిడ.

"లోకంలో ఎప్పుడూ ఉన్న పద్ధతే కదా. కొత్తగా మేం చేసిందేముంది?" అన్నారు మంత్రిగారు.

"మోకాలు నాది కాబట్టి మాటలు బాగానే వస్తున్నాయి మీకు."

బామ్మర్దికి అక్కను చూసి జాలేసింది. "అక్కా, గుడ్డలో ఐసు చుట్టి పెట్టుకో. కాలు కింద దిండేసుకో" అన్నాడు.

మంత్రిగారు చటుక్కున తలెత్తారు. "ఎక్కడ చూశావురా అది?"

"ఎవరో అనుకుంటుంటే విన్నాను బావా."

"ఇలా చూడు. డబ్బు కట్టి చూడాల్సిన సంగతిని నోటితో ఊరికే చెప్పేస్తే ఆ కంపెనీ ఏమైపోవాలి? దొంగసొత్తు కొన్నా తప్పే, విన్నా తప్పే. బంగారు ప్యాక్ కబుర్లు ఇక నా చెవిన వెయ్యకు."

"నా చెవిన వెయ్యరా తమ్ముడూ, నేనేం శపథం చెయ్యలేదు" అంది అక్క, ఐసు కోసం లేస్తూ.

ఈలోగా ఊళ్ళో గొడవ మొదలైంది. ఒకే దారిలో నడిచేవాళ్ళను ఎవరింటికి వెళుతున్నారో అడిగి రకానికో ధర కట్టినట్టుంది ఇది అన్నారు కొందరు. కాలేజీ పిల్లలు అట్టముక్కలు పట్టుకుని ఆఫీసు ముందు నిలబడ్డారు. మంత్రిగారు నొచ్చుకోలేదు. ప్రజాభిప్రాయం అడుగుదామన్నారు.

మేనేజరు చకచకా ఏర్పాట్లు చేశాడు. ప్రశ్న చాలా పెద్దది, బరువైనది, కాబట్టి దాన్ని బంగారు ప్యాక్‌లో పెట్టారు. 'కాదు' అన్నవాళ్ళు కారణాలు కూడా రాస్తారు, అదీ బరువే, అది కూడా అక్కడే పెట్టారు. 'అవును' తేలిక. అందుకని అది ఉచితం. జనం ఫోన్లు తెరిస్తే, 'ప్రశ్న చూడాలంటే బంగారు ప్యాక్ తీసుకోండి' అని పైన, 'అవును' అనే ఆకుపచ్చ మీట కింద కనిపించాయి. ఆ మీట నొక్కితే తప్ప తెర కదలదు. జనం నొక్కారు.

"దేశమంతా అవునంది" అని మంత్రిగారు విలేకరులకు చెప్పారు.

"దేనికి అవునన్నారు సార్?" అంది ఆ విలేకరి అమ్మాయే.

"వాళ్ళనే అడగాల్సింది."

"అడిగాను సార్. తెలీదన్నారు."

"చూశావా. తెలీకుండానే ఇంత నమ్మారంటే, తెలిస్తే ఇంకెంత నమ్ముతారో."

ఈ పద్ధతి చూసి పార్టీ అధినేత ముచ్చటపడ్డారు. పార్టీ నిర్ణయాలన్నీ ఇకమీదట ఇలాగే తీసుకుందామన్నారు. శాసనసభ్యులంతా మంత్రిగారిలాగే ఉచిత ప్యాక్‌లోకి మారాలని ఆదేశించారు.

అయితే ఆ వారంలోనే అధినేతగారు తల్లిగారి ఫోన్ సరదాగా తెరిచారు. పెద్దావిడది ఉచిత ప్యాక్. తెరవగానే మంత్రిగారు నవ్వుతూ కనిపించారు. వాతావరణం చూస్తే ఎండ పక్కన మంత్రిగారు. లెక్కల పాఠం చూస్తే త్రిభుజం పక్కన మంత్రిగారు. అధినేతగారు తన కోసం ఎంత వెతికినా దొరకలేదు. మేనేజరును పిలిపించి అడిగితే, "మీరు బంగారు ప్యాక్‌లో ఉన్నారండీ. మీ స్థాయికి అదే తగింది" అన్నాడతను వినయంగా.

"అంటే మా అమ్మ నన్ను చూడాలంటే డబ్బు కట్టాలా?"

"పెద్దవాళ్ళకు తగ్గింపు ఉందండీ."

ఈ సంభాషణ మర్నాటికల్లా బంగారు ప్యాక్ వార్తల్లో వచ్చేసింది. 'మంత్రికి ముప్పు' అన్న శీర్షిక చూసి బామ్మర్ది తింటున్న కంచం వదిలి లేచాడు. కళ్ళ ముందు లారీ టైర్లు దొర్లాయి. పరిగెత్తుకుంటూ బావ గదిలోకి వెళ్ళాడు.

"సార్, మీ పదవి గురించి ఒక వార్త..."

"నేనూ చదివాను" అని మంత్రిగారు తన ఫోన్ చూపించారు. ఉచిత ప్యాక్ వార్తల్లో, 'మంత్రిగారి గురించే అధినేత ఆలోచన' అని ఉంది. "రాత్రింబవళ్ళూ నా గురించే ఆలోచిస్తున్నారట. ఎంత అభిమానమో చూడు."

"అది కాదు సార్. ఇంకోచోట వేరేగా రాశారు."

"ఇంకోచోట అంటే?"

బామ్మర్ది నేల చూపులు చూశాడు. మంత్రిగారు రెండు చెవులూ మూసుకున్నారు.

మూడోనాడు పార్టీ సమావేశం. హాలు నిండా శాసనసభ్యులు. అధినేతగారు గొంతు సవరించుకుని, "మిత్రులారా, ఒక ముఖ్యమైన ప్రశ్న" అని కూర్చున్నారు. హాల్లో ఫోన్లన్నీ టింగుమన్నాయి. ఆకుపచ్చ మీటలు వెలిగాయి.

బావకు వచ్చేవన్నీ బామ్మర్ది ఫోనుకూ వస్తాయి. గోడవారన నిలబడి అతను ప్రశ్న తెరిచాడు. 'ఈ మంత్రిగారిని పదవి నుంచి తప్పించడం మీకు సమ్మతమేనా?' అని ఉంది. కుర్చీల మధ్య నుంచి వంగి వంగి నడిచి బావ చెవి దగ్గరకు చేరాడు.

"సార్, నొక్కకండి. ప్రశ్న మీ గురించే."

"నా గురించేనా?" మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "మరి నా గురించి అడిగితే నేనే కాదంటే ఏం బాగుంటుందిరా?"

"ఒక్కసారి నేను చెప్పేది..."

"ఉచితమేనా అది?"

"కాదు సార్."

"అయితే వద్దు" అని మంత్రిగారు మీట నొక్కారు.

అధినేతగారు లేచారు. "ఏకగ్రీవం. అందరికంటే ముందు అవునన్నది ఎవరో తెలుసా? సాక్షాత్తూ మన మంత్రిగారు. ఇంతటి త్యాగం నా జీవితంలో చూడలేదు." హాలు మారుమోగింది. మంత్రిగారు లేచి నాలుగు దిక్కులకూ దండం పెట్టారు. ఆయన తిరిగి కూర్చునేలోపు పక్క కుర్చీలవాళ్ళు కొంచెం దూరం జరిగారు.

కారెక్కాక మంత్రిగారు హుషారుగా ఫోన్ తెరిచారు. "చూడరా, అప్పుడే వేశారు. 'మంత్రిగారికి ఇక పూర్తి విశ్రాంతి, అభిమానుల ఆనందం' అట." బయట డ్రైవరు కారు ముందున్న చిన్న జెండా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

"వాడేం చేస్తున్నాడు?"

"ఉతకడానికేమో బావా."

ఫోన్లు మళ్ళీ టింగుమన్నాయి. బామ్మర్ది ప్రశ్న తెరిచాడు. 'ప్రభుత్వ బంగళాను ఈ సాయంత్రానికల్లా ఖాళీ చేయడం మీకు సమ్మతమేనా?' ఇంట్లో అక్క కాలు కింద దిండేసుకుని పడుకుని ఉంటుంది. ఇక చెప్పి లాభం లేదనుకుని అతను మీట మీదికి వెళుతున్న బావ వేలిని పిడికిట్లో గట్టిగా పట్టుకున్నాడు.

"వదలరా. అధినేతగారు ఎదురుచూస్తుంటారు."

"వదలను బావా."

మంత్రిగారు రాజకీయాల్లో ఇలాంటి అడ్డంకులు చాలా చూశారు. తొణక్కుండా, ఎడమచేత్తో నొక్కారు.